చికిత్సలతో పుట్టు రంగు మారుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది పుట్టుకతో చామనఛాయ. ఈ మధ్య ముఖం ఇంకా నల్లబడింది. ఒక క్లినిక్‌లో గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు, లేజర్, కెమికల్ పీల్ కలిపి ఒక ప్యాకేజీ చెప్పారు. మూడు నాలుగు షేడ్లు తెల్లబడతారని, ఆ రంగు ఇక అలాగే ఉండిపోతుందని అన్నారు. ఇప్పటికే రెండు ఇంజెక్షన్లు వేయించుకున్నారు. నిజంగా సహజ రంగు మారుతుందా అని అడుగుతున్నారు.

మారదు. ఎందుకో వివరంగా చెబుతాను గానీ, ముందు ఈ మాట స్పష్టంగా తెలియాలి. పుట్టు రంగు మీద తర్వాత వచ్చి చేరిన నలుపు వేరు. ఎండకు కమిలిన నలుపు, మంగు, మొటిమలు మానాక మిగిలిన మచ్చలు, ఇవన్నీ తగ్గించవచ్చు, చాలామందిలో బాగానే తగ్గుతాయి. కానీ పుట్టు రంగు కంటే తెల్లగా చేసి, ఆ తెలుపును అలాగే నిలబెట్టే సురక్షితమైన చికిత్స ఇప్పటికీ లేదు. శాశ్వతంగా తెల్లగా చేసేవి లేకపోలేదు. అవి రంగు తయారుచేసే కణాలను చంపి ఆ పని చేస్తాయి. వాటి గురించి కిందికి వెళ్లాక చెబుతాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది.

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. మెలనిన్ అనే రంగు పదార్థం తయారయ్యేది వీటిలోనే. ఒక్కో మెలనోసైట్ తన చుట్టూ ఉన్న సుమారు 36 చర్మకణాలకు సన్నని చేతుల్లాంటి శాఖల ద్వారా ఈ రంగును అందిస్తుంది. తెల్లగా ఉన్నవాళ్లకు ఈ కణాలు తక్కువ, నల్లగా ఉన్నవాళ్లకు ఎక్కువ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. శరీరంలో ఒకే చోట పోల్చి చూస్తే అందరిలోనూ వీటి సంఖ్య ఇంచుమించు సమానమే. తేడా అంతా అవి తయారుచేసే రంగు రేణువుల్లో ఉంది. ముదురు రంగు చర్మంలో ఈ రేణువులు పెద్దవి, విడివిడిగా పరుచుకుని ఉంటాయి, త్వరగా కరిగిపోవు. లేత రంగు చర్మంలో చిన్నవి, గుంపులుగా ఉంటాయి, పైకి వచ్చేలోపే చాలావరకు విరిగిపోతాయి. ఎంత రంగు తయారవ్వాలి, ఏ రకం తయారవ్వాలి అన్నది జన్యువులు నిర్ణయిస్తాయి. వాటిలో ముఖ్యమైన ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు పాత్ర 2005లో జీబ్రాఫిష్ అనే చిన్న చేప మీద చేసిన పరిశోధనతో బయటపడింది. ఇప్పటికి వందకు పైగా జన్యువులకు ఇందులో వాటా ఉందని తేలింది. ఏ క్రీమూ, ఏ లేజరూ వీటిలో ఒక్కదాన్ని కూడా తాకదు.

పైపొర దాదాపు నాలుగు నుంచి ఆరు వారాల్లో పూర్తిగా కొత్తగా తయారవుతుంది. పాతది రాలిపోతుంది, కింద నుంచి కొత్తది వస్తుంది, వస్తూ వస్తూ తన రంగు తనే తెచ్చుకుంటుంది. అందుకే పైపొరను ఎంత గీకినా, ఎంత ఒలిచినా వచ్చే కొత్త చర్మం మళ్లీ మీ రంగులోనే వస్తుంది. ప్రెస్సులో అచ్చు అలాగే ఉండగా బయటికి వచ్చిన కాగితాలు చింపేస్తూ కూర్చుంటే ఏం లాభం?

ఈ పుట్టు రంగు ఎంత మొండిదో చెప్పడానికి నాకు బాగా నచ్చే ఉదాహరణలు రెండు ఉన్నాయి. ఒకటి ఇమాటినిబ్ అనే మందు. ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఇస్తారు. మెలనోసైట్లు బతకడానికి, పనిచేయడానికి అవసరమైన ఒక సంకేతాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. దాంతో ముదురు రంగు ఉన్న రోగుల్లో కొందరికి ఒళ్లంతా తెల్లబడుతుంది. మందు ఆపితే? సాధారణంగా పాత రంగు తిరిగి వచ్చేస్తుంది. రెండోది అఫామెలనోటైడ్ అనే ఇంప్లాంట్. ఎండ తగిలితే భరించలేని నొప్పి కలిగే ఒక అరుదైన జబ్బుకు దీన్ని యూరప్‌లో 2014లో, అమెరికాలో 2019లో అనుమతించారు. ఇది మెలనిన్ తయారీని పెంచి చర్మాన్ని నల్లబరుస్తుంది. దీని ప్రభావమూ కొన్ని వారాలే, అందుకే రెండు నెలలకోసారి మళ్లీ పెట్టాలి. తెలుపు వైపు లాగినా, నలుపు వైపు లాగినా వదిలేయగానే చర్మం తన చోటికి తను వెళ్లిపోతుంది.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి, చేయి పైకెత్తి, మోచేతికి పైన లోపలి వైపు, చంకకు దగ్గరగా ఉన్న చర్మాన్ని చూడండి. ఎండ దాదాపు తగలని చోటు అది. మీ పుట్టు రంగు అదే. ఇప్పుడు ఆ చర్మాన్ని అద్దంలో చెంప పక్కన పెట్టి పోల్చండి. ముఖం దానికంటే ఎంత నల్లగా ఉందో అంత నలుపే తర్వాత వచ్చి చేరింది. చికిత్సకు లొంగేది ఆ తేడానే. మంచి డాక్టరు, మంచి మందు, మీ ఓపిక అన్నీ కలిసొస్తే ముఖం ఆ లోపలి చేతి రంగుకు దగ్గరగా వస్తుంది. ముఖం, చేయి ఇప్పటికే ఒకే రంగులో ఉంటే, తెల్లబడటానికని ఏ ప్యాకేజీ మీదా డబ్బు పెట్టకండి. అక్కడ నయం చేయాల్సిందేమీ లేదు.

ఇక ఒక్కో చికిత్స సంగతి.

పీల్ అంటే ఆమ్లంతో పైపొరను కొద్దిగా ఒలవడం. గ్లైకాలిక్, లాక్టిక్, శాలిసిలిక్ ఆమ్లాలతో చేసే తేలికపాటి పీల్స్ మొటిమల మచ్చలకు, మంగుకు మందులతో పాటు వాడితే ఉపయోగపడతాయి. చేయించుకున్న కొద్దిరోజులు ముఖం తేటగా కనిపిస్తుంది. పైన పేరుకున్న మృతకణాలు పోయి చర్మం నునుపెక్కితే వెలుతురు సమంగా తిరిగి పరావర్తనం చెందుతుంది. ఆ నిగారింపు నిజమైనదే, కానీ అది రంగు మారడం కాదు. బ్లీచ్, ఫేషియల్, యంత్రంతో చేసే పాలిషింగ్ అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. బ్లీచ్ అయితే ముఖం మీది సన్నని వెంట్రుకల రంగును కూడా లేతగా చేస్తుంది కాబట్టి తేడా ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తుంది. ఫినాల్‌తో చేసే లోతైన పీల్ సంగతి వేరు. దానితో రంగు శాశ్వతంగా పోవచ్చు, పోయేది కూడా కాలిన మచ్చ తెల్లగా మిగిలినట్టు పోతుంది. గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి గుండెను మానిటర్ మీద చూస్తూ చేయాల్సిన చికిత్స అది. చామనఛాయకు, నల్లని ఛాయకు అసలు పనికిరాదు.

లేజర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నమ్మకం దాని మీదే ఎక్కువ. రంగును వెతికి పట్టుకుని కొట్టే లేజర్లకు ఆధారమైన సూత్రాన్ని 1983లో ఆండర్సన్, ప్యారిష్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒక ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని చాలా తక్కువ సమయం పంపితే, ఆ కాంతిని పీల్చుకునే పదార్థం మాత్రమే వేడెక్కి పగులుతుంది, చుట్టుపక్కల కణజాలానికి పెద్దగా దెబ్బ తగలదు. పుట్టుమచ్చల్లో కొన్ని రకాలకు, పచ్చబొట్టు తీయడానికి ఇది అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ తీసేయాల్సిన రంగు ఒక చోట కుప్పగా ఉంటుంది, పక్కన ఉన్నది వేరు. ముఖమంతా తెల్లబరచమంటే తీసేయాల్సిన రంగు, ఉంచాల్సిన రంగు రెండూ ఒకటే. లేజర్‌కు మీ మంగు మెలనిన్‌కు, మీ పుట్టు మెలనిన్‌కు తేడా తెలియదు. రెండింటినీ కొడుతుంది.

లేజర్ టోనింగ్ అని చెప్పేది 1064 నానోమీటర్ల లేజర్‌ను తక్కువ శక్తితో ముఖమంతా తిప్పడం. చేస్తున్నంత కాలం కొంత తేటదనం వస్తుంది. ఆపాక నెమ్మదిగా వెనక్కి పోతుంది. మంగు ఉన్నవాళ్లలో చాలాసార్లు మొదటికంటే ముదురుగా తిరిగి వస్తుంది. తెల్లబడాలన్న ఆత్రంతో వారం వారం చేయించుకుంటూ పోతే మెలనోసైట్లు అక్కడక్కడా దెబ్బతిని, బియ్యపు గింజంత తెల్లని చుక్కలు ముఖమంతా పడవచ్చు. అవి పడ్డాక వైద్యం కష్టం. కొన్ని నెలలు, ఏళ్లు పడుతుంది, కొన్ని ఉండిపోతాయి కూడా. ముదురు రంగు చర్మం మీద శక్తి కాస్త ఎక్కువైతే ఇంకో ప్రమాదం ఉంది. కాలి, వాచి, మానే క్రమంలో ఆ చోట నల్లని మచ్చ పడుతుంది. తెల్లబడటానికని వెళ్లి నల్లమచ్చలతో వచ్చేవాళ్లను మా వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరూ చూస్తూనే ఉంటారు. వాళ్ల కళ్లలో నీళ్లు చూసినప్పుడు నాకు చాలా కోపం వస్తుంది, వాళ్ల మీద కాదు, వాళ్లకు ఆ మాట చెప్పి పంపినవాళ్ల మీద.

గ్లూటాథయోన్ మన శరీరం సొంతంగా తయారుచేసుకునే పదార్థమే. ప్రతి కణంలోనూ ఉంటుంది. మెలనిన్ తయారీకి కీలకమైన టైరోసినేజ్ అనే ఎంజైమును ఇది కొంత నెమ్మదింపజేయగలదని, నల్లని రకం మెలనిన్ బదులు లేత రకం తయారయ్యేలా చూడగలదని ప్రయోగశాలలో తేలింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని మొత్తం వ్యాపారం నడుస్తోంది. రక్తంలోకి ఎక్కించిన గ్లూటాథయోన్ నిమిషాల్లో విరిగిపోతుంది. చర్మం తెల్లబడటానికి ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎన్నిసార్లు అన్నదానికి ఒప్పుకోదగిన లెక్క ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే ఆ పరీక్షలు సరిగ్గా జరగనే లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పనికి దీన్ని ఎన్నడూ అనుమతించలేదు. ఈ ఇంజెక్షన్ల వాడకం బాగా పెరిగిన ఫిలిప్పీన్స్‌లో అక్కడి నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరిక జారీచేసింది. ఒళ్లంతా చర్మం ఊడిపోయే తీవ్రమైన అలర్జీ, కిడ్నీ, థైరాయిడ్ సమస్యలు రావచ్చని అందులో చెప్పింది. కొంత తెల్లబడినట్టు కనిపించినవాళ్లలో కూడా మానేసిన కొన్ని నెలలకు పాత రంగు వచ్చేస్తుంది. అప్పుడు క్లినిక్‌లో ‘మెయింటెనెన్స్ డోస్’ అంటారు. శాశ్వతంగా నిలిచే రంగుకు మెయింటెనెన్స్ ఎందుకు అవసరమైందో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకో మాట. సిరలోకి ఎక్కించే ఏ మందుకైనా అలర్జీ, సూది వల్ల ఇన్ఫెక్షన్, కల్తీ సరుకు అనే మూడు ప్రమాదాలు వెంటే ఉంటాయి. ప్రాణం మీదికి వచ్చిన జబ్బు అయితే ఆ ప్రమాదానికి సిద్ధపడతాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి, ఆరోగ్యంగా ఉన్న చర్మం కోసం ఎందుకు సిద్ధపడాలి?

ఇక క్రీములు. వీటిలో వైద్యానికి పనికొచ్చేవీ ఉన్నాయి, ముఖాన్ని నాశనం చేసేవీ ఉన్నాయి, రెండూ ఒకే అల్మారాలో పక్కపక్కనే దొరుకుతాయి. హైడ్రోక్వినోన్ మంగుకు పాత మందు, మంచి మందు. టైరోసినేజ్‌ను అడ్డుకుని పనిచేస్తుంది. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే డాక్టర్లు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ (విటమిన్ ఎ కోవకు చెందిన మందు), ఒక స్టెరాయిడ్ మూడూ కలిపి ఒక మందు రూపొందించారు. ఆ కలయికలో చిన్న మార్పులు చేసి ఈ రోజుకీ మంగుకు వాడుతున్నాం. అయితే అది మచ్చ మీద, రాత్రిపూట, డాక్టరు చెప్పిన కొన్ని వారాలు మాత్రమే వాడాల్సింది. ఫెయిర్‌నెస్ క్రీములా ముఖమంతా ఏళ్ల తరబడి రాసుకుంటే ఆక్రోనోసిస్ అనే జబ్బు రావచ్చు. చెంప ఎముకల మీద బూడిద కలిసిన నీలి నలుపు పడి, దగ్గరగా చూస్తే నల్లని చుక్కలు, గరుకుదనం కనిపిస్తాయి. తెల్లబడాలని రాసిన మందే ముఖాన్ని శాశ్వతంగా నల్లబరుస్తుందన్నమాట. దక్షిణాఫ్రికాలో దీన్ని 1975లో వైద్య పత్రికలో వర్ణించారు. 1990 నాటికి అక్కడ సౌందర్య సాధనాల్లో హైడ్రోక్వినోన్‌ను నిషేధించాల్సి వచ్చింది. యూరప్‌లో కూడా సౌందర్య సాధనాల్లో దీనికి అనుమతి లేదు. అమెరికాలో 2020 నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు.

స్టెరాయిడ్ క్రీముల సంగతి ఇంకా బాధాకరం. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేర్లు ట్యూబు మీద ఉంటే అది స్టెరాయిడ్. రాసిన మొదటి వారంలోనే ముఖం తెల్లగా, నున్నగా అయిపోతుంది. చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుపోవడం అందుకు ఒక కారణం. అంత త్వరగా ఫలితం వచ్చేసరికి మందు బాగా పనిచేస్తోందని నమ్మకం కుదిరిపోతుంది, అలా నెలలు గడిచిపోతాయి. తర్వాత చర్మం పలచబడుతుంది. చెంపల మీద ఎర్రని దారాల్లా రక్తనాళాలు తేలతాయి. మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు వస్తాయి. ఎండలోకి వెళితే మంట. మానేద్దామంటే రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రగా వాచి మండిపోతుంది, భయపడి మళ్లీ రాస్తారు. ఇది వ్యసనం లాంటి ఉచ్చు. డాక్టరు సాయం లేకుండా బయటపడటం కష్టం.

పాదరసం కలిపిన క్రీములు మరో రకం. పాదరసం కూడా టైరోసినేజ్‌నే దెబ్బతీస్తుంది, అందుకే తెల్లబడతారు. కానీ చర్మం గుండా ఒంట్లోకి ఇంకి కిడ్నీలను పాడుచేస్తుంది. కాళ్ల వాపు, మూత్రంలో నురగ, నిద్రలేమి, చేతుల వణుకు కనిపిస్తాయి. రాసుకున్నవాళ్లకే కాదు, అదే తువ్వాలు వాడేవాళ్లకు, ఎత్తుకున్న పసిపిల్లలకు కూడా అంటుకుంటుంది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం కింద పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నిటినీ 2025 నాటికి ఆపేయాలని దేశాలు 2023లో నిర్ణయించుకున్నాయి. అయినా అవి దొరుకుతూనే ఉన్నాయి. లేబుల్ మీద మెర్క్యురీ, మెర్క్యురిక్, కాలోమెల్ లాంటి మాటలు కనిపిస్తే ముట్టుకోవద్దు. అసలు దేంతో చేశారో రాయని డబ్బా ఎంత మంచి వాసన వచ్చినా ముఖానికి రాయవద్దు.

శాశ్వతంగా తెల్లబరిచేవి ఉన్నాయని పైన అన్నాను కదా. 1939లో అమెరికాలో ఒక తోళ్ల కర్మాగారంలో రబ్బరు చేతి తొడుగులు వేసుకుని పనిచేసే కార్మికుల చేతులు తెల్లగా రంగు కోల్పోయాయని డాక్టర్లు గుర్తించారు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. రబ్బరులో కలిపిన మోనోబెంజోన్ అనే రసాయనం మెలనోసైట్లను చంపుతోందని తేలింది. తర్వాతి కాలంలో అదే రసాయనాన్ని మందుగా మార్చారు. ఎవరికంటే, బొల్లి వచ్చి ఒంటి మీద చాలావరకు తెల్లబడిపోయి, అక్కడక్కడా మాత్రమే సొంత రంగు మిగిలినవాళ్లకు. ఆ మిగిలిన రంగును కూడా తీసేసి ఒంటినంతా ఒకేలా చేయడానికి. ఒక్కసారి చేశాక వెనక్కి రాదు. జీవితాంతం ఎండ నుంచి కాపాడుకోవాలి. రాసిన చోటే కాకుండా దూరంగా కూడా తెల్లమచ్చలు రావచ్చు.

మైకేల్ జాక్సన్ ఎలా తెల్లబడ్డాడు మరి అని చాలామంది అడుగుతారు. తనకు బొల్లి ఉందని ఆయన 1993లో టీవీ ఇంటర్వ్యూలో స్వయంగా చెప్పారు. 2009లో మరణించాక పోస్టుమార్టం నివేదిక కూడా అదే నిర్ధారించింది. రంగు పోయింది జబ్బు వల్ల. అదొక ఫెయిర్‌నెస్ చికిత్స విజయం అని చెప్పేవాళ్ల మాట వినకండి.

పెద్ద కంపెనీ సరుకైతే భయం లేదని కూడా అనుకోవద్దు. జపాన్‌లో రోడోడెండ్రాల్ అనే పదార్థాన్ని అన్ని అనుమతులతోనే తెల్లబరిచే క్రీముల్లో వాడారు. వేలమందికి ముఖం మీద, మెడ మీద, చేతుల మీద బొల్లిలాంటి తెల్లమచ్చలు వచ్చాక 2013లో ఆ ఉత్పత్తులను వెనక్కి తీసుకున్నారు. వాడటం ఆపాక చాలామందికి రంగు కొంత తిరిగి వచ్చింది, కొందరికి రాలేదు. మెలనిన్ తయారీని అడ్డుకోవడానికి, మెలనోసైట్‌ను చంపడానికి మధ్య గీత ఎంత సన్ననిదో ఆ ఘటన చూపించింది.

నల్లబడటానికి వాడే సెల్ఫ్ ట్యాన్ క్రీములు పైన ఉన్న మృతకణాల పొరకు రంగు పట్టిస్తాయి, వారంలో పోతుంది. మెలనోటాన్ పేరుతో ఆన్‌లైన్లో అమ్మే ఇంజెక్షన్లకు ఎక్కడా అనుమతి లేదు, వాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు మీ విషయానికి వద్దాం. పుట్టు రంగు పక్కన పెడితే, ముఖం ఈ మధ్య నల్లబడిందన్నారు. ఆ క్లినిక్‌లో ఎవరూ పట్టించుకోని మాట అది. నాకు మాత్రం మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. రంగు మారిందంటే దానికి ఒక కారణం ఉంటుంది. రెండు చెంపల మీదా, నుదుటి మీదా, పై పెదవి మీదా మ్యాప్ గీసినట్టు గోధుమరంగు పరుచుకుంటే అది మంగు. ఎండ, గర్భం, గర్భనిరోధక మాత్రలు దీన్ని పెంచుతాయి. మెడ వెనక, చంకల్లో మఖ్మల్‌లా మందంగా నలుపు ఉంటే అది మట్టి కాదు, ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చర్మం చెబుతోంది, షుగర్ పరీక్ష చేయించుకోవాలి, బరువు తగ్గితే ఆ నలుపూ తగ్గుతుంది. చేతి గీతలు, చిగుళ్లు, పాత గాయపు మచ్చలు కూడా నల్లబడుతూ, నీరసం, బరువు తగ్గడం ఉంటే కిడ్నీల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథి జబ్బు ఉందేమో చూడాలి. కొత్త సెంటు, హెయిర్ డై, ముఖానికి రాసిన నూనె పడకపోయినా నలుపు వస్తుంది. మినోసైక్లిన్, అమియోడరోన్ లాంటి మందుల వల్లా వస్తుంది. కారణం తెలియకుండా లేజర్ పెట్టేవాళ్లు దేనికి వైద్యం చేస్తున్నట్టు?

మంగు లేదా ఎండ నలుపు అయితే అసలు వైద్యం సన్‌స్క్రీన్‌తో మొదలవుతుంది. చాలామంది రాస్తారు గానీ సరిపడా రాయరు. చూపుడు వేలు, మధ్య వేలు నిండుగా గీసినంత ముఖానికి, మెడకు పట్టాలి. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె కనీసం 30 ఉండాలి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ముదురు రంగు చర్మానికి అల్ట్రావయొలెట్ కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ ఆపుతుంది. దీనికి తోడు అజెలాయిక్ ఆమ్లం, నియాసినమైడ్, విటమిన్ సి, రాత్రిపూట ట్రెటినాయిన్, అవసరమైతే కొద్దికాలం హైడ్రోక్వినోన్, మొండి మంగుకు ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు ఉన్నాయి. ఈ చివరిది రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవాళ్లకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు ప్రమాదం, కాబట్టి డాక్టరు చూసి ఇవ్వాలి. గర్భంతో ఉంటే ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ వద్దు, అజెలాయిక్ ఆమ్లం వాడవచ్చు. ఏది వాడినా తేడా కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వారంలో తెల్లబడితే సంతోషించకండి, ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందేమో చూడండి.

క్లినిక్‌లో చూపించే ముందు, తర్వాత ఫోటోల గురించి కూడా చెప్పాలి. ముఖం చూడకండి. వెనకాల గోడ రంగు చూడండి, మెడ దగ్గర బట్ట రంగు చూడండి, కనుగుడ్డులో పడిన దీపం ప్రతిబింబం చూడండి. రెండో ఫోటోలో గోడ కూడా తెల్లబడి ఉంటే మారింది చర్మం కాదు, లైటు. ఒళ్లంతా తెల్లబరిచామని చెప్పే ఫోటోల్లో వేళ్ల కణుపులు చూడండి. అక్కడి చర్మానికి ఈ మందులు అంతగా పట్టవు, ఒళ్లు తెల్లగా, కణుపులు మాత్రం నల్లగా మిగిలిపోతాయి.

రెండు ఇంజెక్షన్లు అయ్యాయన్నారు. టెన్షన్ పడకండి, చాలామందికి రెండింటితో ఏమీ కాదు. కానీ మూడోది వేయించుకోవద్దు. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, ఇంజెక్షన్ సంగతి దాచకుండా చెప్పండి. ఏమీ లేకపోయినా ఒకసారి లివర్, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. డబ్బు ముందే కట్టేశాను కదా అని మిగిలిన సిట్టింగులు పూర్తి చేయకండి. ఇంజెక్షన్‌లో ఏ ఏ మందులు కలిపారో, ఏ బ్యాచ్‌వో రాసిమ్మని అడగండి, అది అడిగే హక్కు మీకుంది.

తర్వాత అర్హత ఉన్న చర్మవ్యాధి నిపుణులను కలవండి. వెళ్లేటప్పుడు ఈ ఏడాదిలో ముఖానికి రాసినవన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి, లేబుల్ చిరిగిపోయిన ట్యూబులు, ఎవరో ఇచ్చిన డబ్బాలు కూడా. రెండేళ్ల క్రితం పగటి వెలుతురులో తీసిన ఒక ఫోటో ఉంటే అదీ చూపించండి. వాటిలో స్టెరాయిడ్ ఉన్నదేదైనా నెలల తరబడి వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. ఆ డాక్టరు నెమ్మదిగా మాన్పిస్తారు, మాన్పించేటప్పుడు వచ్చే మంటకు, వాపుకు వేరే మందు ఇస్తారు.